రెండు కోర్ స్విచ్‌లు, రెండేసి లింకులు ఉన్నా ఫెయిలోవర్‌కు (ఒకటి పోతే మరొకటి పని అందుకోవడానికి) అర నిమిషానికి పైగా ఎందుకు పడుతోంది?

ప్రశ్న

జిల్లా కేంద్రంలోని ఒక ఆసుపత్రిలో నేను నెట్‌వర్క్ నిర్వహణ చూస్తున్నాను. సర్వర్ గదిలో రెండు సిస్కో కోర్ స్విచ్‌లు (నెట్‌వర్క్ మొత్తానికి కేంద్రంగా ఉండేవి) ఉన్నాయి. ప్రతి అంతస్తులోని యాక్సెస్ స్విచ్ (అక్కడి కంప్యూటర్లు తగిలేది) నుంచి ఈ రెండింటికీ ఒక్కొక్క ఫైబర్ లింకు వేశారు. రెండు కోర్ స్విచ్‌లనూ మరొక లింకుతో కలిపారు. ఓపీ రిజిస్ట్రేషన్, ల్యాబ్ రిపోర్టులు, ఫార్మసీ బిల్లింగ్, స్కానింగ్ చిత్రాలు, ఐపీ ఫోన్లు అన్నీ వేర్వేరు వీలాన్‌లలో (ఒకే తీగల మీద విడివిడిగా నడిచే నెట్‌వర్క్‌లలో) ఈ నెట్‌వర్క్ మీదే నడుస్తున్నాయి. అంతస్తుల్లోని స్విచ్‌లను వేర్వేరు సంవత్సరాల్లో కొన్నందువల్ల వాటిలో కొన్ని వేరే కంపెనీలవి. అన్ని వీలాన్‌ల గేట్‌వే (వీలాన్ దాటి బయటికి వెళ్లే ద్వారం) మొదటి కోర్ స్విచ్ మీద ఉంది.

లింకులు రెండేసి ఉన్నాయి కాబట్టి ఒకటి పోయినా పని ఆగదని మేమందరం అనుకున్నాం. కాని రాత్రివేళ ఒక అంతస్తు ఫైబర్‌ను తీసి చూస్తే, ఆ అంతస్తు మొత్తం దాదాపు అర నిమిషం, కొన్ని సందర్భాల్లో ఇంకా ఎక్కువసేపు ఆగిపోతోంది. ఆ తరువాత అదే తేరుకుంటోంది. స్విచ్‌ల మధ్య వలయం (లూప్) రాకుండా అదనపు లింకులను మూసి ఉంచే స్పానింగ్ ట్రీ వివరాలు చూస్తే, ఆ చెట్టుకు మూలమైన రూట్‌గా కోర్ స్విచ్ కాకుండా మూడవ అంతస్తులోని అన్నిటికంటే పాత స్విచ్ కనిపిస్తోంది. ఈ ఆలస్యాన్ని ఎలా తగ్గించాలి? రెండు లింకులనూ ఒకేసారి వాడుకోవడం సాధ్యమా? మొదటి కోర్ స్విచ్ పూర్తిగా ఆగిపోతే రెండవది పని అందుకోవడానికి ఏం చేయాలి?

మొదటి సమాధానం

మీ నెట్‌వర్క్‌లో అదనపు మార్గం ఉంది, కాని ఏ మార్గం ముందు, ఏది తరువాత అన్నది ఎవరూ నిర్ణయించలేదు. ఆ నిర్ణయాన్ని స్విచ్‌లు తమంతట తాము చేసుకున్నాయి. ముందు దానిని సరిచేయాలి, ఆలస్యం సంగతి ఆ తరువాత చూడవచ్చు.

ఈథర్‌నెట్ ఫ్రేమ్‌కు (స్విచ్‌లు మోసే డేటా ముక్కకు) ఐపీ ప్యాకెట్‌లాగా ఆయుష్షు లెక్క లేదు. రూటర్ దాటిన ప్రతిసారీ ఐపీ ప్యాకెట్‌లోని టీటీఎల్ (ఆయుష్షు సంఖ్య) ఒకటి తగ్గి చివరకు ప్యాకెట్ రాలిపోతుంది, కాని లూప్‌లో పడిన బ్రాడ్‌కాస్ట్ (అందరికీ పంపే) ఫ్రేమ్ ఎవరైనా లూప్‌ను తెంచేదాకా తిరుగుతూనే ఉంటుంది, ప్రతి స్విచ్ దానికి మరిన్ని నకళ్లు చేర్చుతూ పోతుంది. అందుకే అదనపు లింకును మూసి ఉంచి, అవసరమైనప్పుడు మాత్రమే తెరిచే స్పానింగ్ ట్రీ పద్ధతిని రాడియా పెర్ల్‌మన్ 1985లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో ఉండగా రూపొందించారు. 1990లో అది ఐఈఈఈ 802.1డి ప్రమాణంలో చేరింది. మీ అర నిమిషం ఆలస్యం ఆ తొలి ప్రమాణంలోని టైమర్ల నుంచే వస్తోంది. మూసి ఉన్న పోర్టు లిజనింగ్ దశలో 15 సెకన్లు, లెర్నింగ్ దశలో మరో 15 సెకన్లు గడిపిన తరువాతే ట్రాఫిక్‌ను పంపుతుంది. తెగిన లింకు ఆ స్విచ్‌కు నేరుగా తగిలినదైతే ఈ 30 సెకన్లతో సరిపోతుంది. దూరంగా మరెక్కడో తెగితే, పాత సమాచారం చెల్లిపోయేదాకా ముందు మరో 20 సెకన్లు ఆగాలి కాబట్టి మొత్తం 50 సెకన్ల వరకు పడుతుంది. మీరు చూసిన రెండు రకాల ఆలస్యమూ ఇదే.

ఇక రూట్ సంగతి. అన్ని స్విచ్‌లలోనూ రూట్ ఎంపికకు వాడే ప్రయారిటీని మామూలు విలువ 32768 గానే వదిలేస్తే, అతి తక్కువ మ్యాక్ చిరునామా (పరికరానికి తయారీలోనే ఇచ్చే సంఖ్య) ఉన్న స్విచ్ రూట్ అవుతుంది. పాత పరికరాలకు తరచు తక్కువ చిరునామాలు ఉంటాయి కాబట్టి మూడవ అంతస్తుకు ఆ పదవి దక్కింది. దీనివల్ల కలిగే నష్టం పైకి కనిపించదు. రెండు కోర్ స్విచ్‌లూ మూడవ అంతస్తు స్విచ్ వైపే రూట్ పోర్టు (రూట్‌ను చేరే పోర్టు) పెట్టుకుంటాయి, వాటి మధ్య ఉన్న నేరు లింకు ఒక చివర మూసుకుపోతుంది. మిగిలిన అంతస్తులు రెండవ కోర్ వైపు మొగ్గి ఉంటే, వాటి నుంచి గేట్‌వేకి వెళ్లే ప్రతి ఫ్రేమూ రెండవ కోర్‌కు వెళ్లి, అక్కడి నుంచి మూడవ అంతస్తుకు ఎక్కి, తిరిగి మొదటి కోర్‌కు దిగుతుంది. స్కానింగ్ చిత్రాలు నెమ్మదిగా తెరుచుకుంటున్నాయన్న ఫిర్యాదులు మీకు వస్తుంటే, ముందుగా ఈ మార్గాన్నే చూడండి.

మొదటి కోర్ ప్రయారిటీని 4096, రెండవ దానిని 8192 చేయండి. ఈ విలువలు 4096 గుణిజాలుగానే ఉండాలి, ఎందుకంటే 16 బిట్లలో 12 బిట్లను వీలాన్ సంఖ్యకో ఇన్‌స్టెన్స్ (కొన్ని వీలాన్‌లు పంచుకునే ఒక చెట్టు) సంఖ్యకో కేటాయించారు. మార్చిన తరువాత ప్రతి అంతస్తు స్విచ్‌లోనూ మొదటి కోర్ వైపు పోర్టు రూట్ పోర్టుగాను, రెండవ కోర్ వైపు పోర్టు ఆల్టర్నేట్‌గాను (మూసి ఉంచిన ప్రత్యామ్నాయంగాను) కనిపించాలి. కోర్‌ల మధ్య లింకు వేగం అంతస్తుల లింకుల వేగం కంటే తక్కువగా ఉంటే మాత్రం లెక్క మారిపోయి మూత మరో చోట పడుతుంది, కాబట్టి ఆ లింకును తక్కువ వేగంతో ఉంచకండి.

తరువాత పాత స్పానింగ్ ట్రీని (ఎస్‌టీపీ) వదిలి, 2001లో 802.1డబ్ల్యూగా వచ్చిన దాని వేగవంతమైన రూపం ఆర్‌ఎస్‌టీపీకి మారండి. అందులో ఆల్టర్నేట్ పోర్టు ముందుగానే సిద్ధంగా ఉంటుంది. రూట్ పోర్టు పోయిన వెంటనే, ఏ టైమర్ కోసమూ ఆగకుండా, అది పని అందుకుంటుంది. ఇక్కడ చాలామంది గమనించని నియమం ఒకటి ఉంది. కంప్యూటర్లు, ఫోన్లు, ప్రింటర్లు తగిలించిన పోర్టులన్నిటినీ ఎడ్జ్ పోర్టులుగా ప్రకటించాలి. అలా ప్రకటించకపోతే, కొత్త మార్గాన్ని ఒప్పుకునే క్రమంలో స్విచ్ తన ఇతర పోర్టులను తాత్కాలికంగా మూసి అవతలివైపు అంగీకారం కోసం చూస్తుంది. కంప్యూటర్ అటువంటి జవాబు ఇవ్వదు కాబట్టి ఆ పోర్టు మళ్లీ 30 సెకన్లు మూసుకునే ఉంటుంది. ఆర్‌ఎస్‌టీపీకి మారినా మాకు తేడా కనిపించలేదని చెప్పేవారిలో ఎక్కువ మంది సమస్య ఇదే. పైగా ఎడ్జ్ కాని పోర్టులో కంప్యూటర్ ఆన్ అయిన ప్రతిసారీ అది టోపాలజీ మార్పుగా లెక్కకు వచ్చి, స్విచ్‌లన్నీ నేర్చుకున్న మ్యాక్ చిరునామాలను చెరిపేస్తాయి. ఎడ్జ్ పోర్టుల మీద బీపీడీయూ (స్పానింగ్ ట్రీ కోసం స్విచ్‌లు పంపుకునే సందేశం) గార్డ్ తప్పక పెట్టండి. వార్డులో ఎవరైనా బీపీడీయూలు పంపే స్విచ్ తెచ్చి తగిలిస్తే ఆ ఒక్క పోర్టు మాత్రమే ఆగుతుంది. అంతస్తుల వైపు ఉన్న కోర్ పోర్టుల మీద రూట్ గార్డ్ పెడితే, మరే పాత స్విచ్ కూడా రూట్ కాలేదు.

మీ దగ్గర వేర్వేరు కంపెనీల స్విచ్‌లు ఉన్నాయి కాబట్టి, వీలాన్‌కు ఒక చెట్టు చొప్పున కట్టే సిస్కో సొంత పద్ధతి కంటే, 802.1ఎస్‌గా వచ్చిన ఎమ్‌ఎస్‌టీపీ (వీలాన్‌లను గుంపులు చేసి గుంపుకొక చెట్టు కట్టే పద్ధతి) మీకు తగినది. ఆర్‌ఎస్‌టీపీ వేగమే దానికీ ఉంటుంది. రీజియన్ (ఒకే అమరికను పంచుకునే స్విచ్‌ల సమూహం) పేరు, రివిజన్ సంఖ్య, ఏ వీలాన్ ఏ ఇన్‌స్టెన్స్‌లో ఉందన్న పట్టిక, ఈ మూడూ అన్ని స్విచ్‌లలోనూ అక్షరం తేడా లేకుండా ఉండాలి. ముందు ముందు అవసరమయ్యే వీలాన్ సంఖ్యలను కూడా ఇప్పుడే పట్టికలో చేర్చండి, లేకపోతే తరువాత కొత్త వీలాన్ కలిపిన ప్రతిసారీ అన్ని స్విచ్‌లలోనూ పట్టిక మార్చవలసి వస్తుంది.

రెండవ సమాధానం

పై సమాధానంతో నేను ఏకీభవిస్తున్నాను, కాని రూట్ గార్డ్ గురించి ఒక జాగ్రత్త చెప్పాలి. మొదటి కోర్ మీద దానిని నిశ్చింతగా పెట్టవచ్చు. రెండవ కోర్ మీద పెడితే, కోర్‌ల మధ్య లింకు తెగిన రోజున రెండవ కోర్‌కు రూట్ సమాచారం అంతస్తు స్విచ్‌ల మీదుగానే అందాలి, రూట్ గార్డ్ దానిని అతిక్రమణగా భావించి ఆ పోర్టులను మూసేస్తుంది. అప్పుడు బాగున్న రెండవ కోర్ కూడా ఒంటరిదైపోతుంది. కోర్‌ల మధ్య కనీసం రెండు లింకులను ఎల్‌ఏసీపీతో (లింకులను కలిపి కట్టే ప్రొటోకాల్‌తో) ఒకే బండిల్‌గా కట్టిన తరువాతే రెండవ కోర్ మీద రూట్ గార్డ్ సంగతి ఆలోచించండి.

రెండు లింకులనూ ఒకేసారి వాడుకోవడం గురించి అడిగారు. ఐఈఈఈ 802.3ఏడీగా 2000లో వచ్చి, 2008 నుంచి 802.1ఏఎక్స్‌గా కొనసాగుతున్న లింక్ అగ్రిగేషన్ ప్రకారం, బండిల్‌లోని లింకులన్నీ రెండు వైపులా ఒక్కొక్క పరికరంలోనే ముగియాలి. మీ అంతస్తు లింకులు రెండు వేర్వేరు కోర్‌లకు వెళ్తున్నాయి కాబట్టి, ఆ రెండు కోర్‌లూ అవతలివైపుకు ఒకే పరికరంగా కనిపించేలా చేసే ఏర్పాటు ఉంటే తప్ప అది కుదరదు. స్టాకింగ్, ఎమ్‌లాగ్ అనేవి అటువంటి ఏర్పాట్లే. సిస్కో నెక్సస్ శ్రేణిలో దీనిని వీపీసీ అంటారు. స్టాక్‌లో నియంత్రణ అంతా ఒకే చోట ఉంటుంది కాబట్టి సాఫ్ట్‌వేర్ మార్చేటప్పుడు రెండు స్విచ్‌లూ కలిసే ఆగే అవకాశం ఎక్కువ. ఎమ్‌లాగ్‌లో నియంత్రణ విడివిడిగా ఉంటుంది, కాని వాటి మధ్య లింకు తెగినప్పుడు రెండూ తామే ప్రధానమనుకునే ప్రమాదాన్ని తప్పించడానికి కీపలైవ్ (బతికే ఉన్నామని తెలిపే సందేశాల) కోసం వేరే మార్గం వేయాలి. నా అభిప్రాయంలో, మీ ప్రస్తుత కోర్‌లలో ఈ సదుపాయం లేకపోతే దాని కోసమే కొత్తవి కొనవలసిన అవసరం లేదు. సరిగా అమర్చిన ఆర్‌ఎస్‌టీపీ మీ పరిమాణంలోని ఆసుపత్రికి చాలు. బండిల్ కట్టినా ఒక్క సంభాషణ ఒక్క లింకు మీదే ప్రయాణిస్తుంది కాబట్టి, ఒక పెద్ద స్కాన్ బదిలీకి రెండింతల వేగం రాదు.

బండిల్‌ను ఎక్కడ కట్టినా రెండు వైపులా ఎల్‌ఏసీపీ యాక్టివ్ పద్ధతిలోనే కట్టండి. ఎల్‌ఏసీపీ లేకుండా బలవంతంగా కట్టిన బండిల్‌లో ఒక లింకు అవతలివైపు చెడిపోయి, ఇవతల దీపం మాత్రం వెలుగుతూ ఉంటే, ఆ లింకుకు కేటాయించిన సంభాషణలన్నీ గాలిలో కలిసిపోతాయి. ఎల్‌ఏసీపీ ఉంటే, వేగవంతమైన టైమర్‌తో 3 సెకన్లలోను, మామూలు టైమర్‌తో 90 సెకన్లలోను ఆ లింకును పక్కన పెడుతుంది.

చివరగా కేబుళ్లు వెళ్లిన దారిని ఒకసారి నడిచి చూడండి. ఒక్కో అంతస్తు నుంచి రెండు ఫైబర్‌లూ ఒకే పైపులోంచి దిగుతుంటే, ఏసీ పైపు కోసం గోడకు రంధ్రం వేసే డ్రిల్లు రెండింటినీ ఒకేసారి తెంపుతుంది. అప్పుడు ఏ ప్రొటోకాల్ కూడా చేయగలిగింది లేదు. రెండు కోర్‌లూ ఒకే యూపీఎస్ మీద ఉన్నా ఇదే పరిస్థితి.

ప్రశ్న అడిగినవారి స్పందన

ఇద్దరికీ కృతజ్ఞతలు. ప్రయారిటీలు మార్చి, ఎమ్‌ఎస్‌టీపీకి వెళ్లి, ఎడ్జ్ పోర్టులన్నిటినీ ప్రకటించిన తరువాత, అంతస్తు ఫైబర్ తీసినప్పుడు ఒకటి రెండు పింగ్‌లకు (అవతలి యంత్రం జవాబిస్తుందా అని చూసే పరీక్ష సందేశాలకు) మించి పోవడం లేదు. రూట్ గార్డ్‌ను మొదటి కోర్ మీద మాత్రమే ఉంచాను. ఫైబర్‌లు నిజంగానే ఒకే పైపులోంచి వస్తున్నాయి. రెండవ దానిని మెట్ల వైపు నుంచి దింపడానికి అనుమతి అడిగాను.

మిగిలినవి రెండు. మొదటి కోర్‌ను ఆపితే స్విచ్‌లన్నీ రెండవ దాని వైపు మళ్లుతున్నాయి, కాని గేట్‌వే లేనందున ఏ వీలాన్ కూడా బయటికి వెళ్లలేకపోతోంది. రెండవది, కొత్త బ్లాకుకు వెళ్లే మార్గంలో మీడియా కన్వర్టర్లు (రాగి తీగ సిగ్నల్‌ను ఫైబర్‌కు మార్చే పెట్టెలు) ఉన్నాయి. అవతల ఫైబర్ తీసినా ఇక్కడి పోర్టు వెలుగుతూనే ఉంటోంది. ఆ బ్లాకులో స్విచ్‌లను ఒకదాని నుంచి మరొకదానికి గొలుసుగా కలుపుకుంటూ పోయారు.

మూడవ సమాధానం

గేట్‌వే కోసం వీఆర్‌ఆర్‌పీ (రెండు పరికరాలు ఒకే గేట్‌వే చిరునామాను పంచుకునే ప్రొటోకాల్) వాడండి. సిస్కో హెచ్‌ఎస్‌ఆర్‌పీ కూడా ఇదే పని చేస్తుంది, కాని రేపు ఒక కోర్‌ను వేరే కంపెనీదానితో మార్చవలసి వస్తే బహిరంగ ప్రమాణంతో వెళ్లినవారికి ఇబ్బంది ఉండదు. ప్రతి వీలాన్‌లో రెండు కోర్‌లకూ సొంత చిరునామాలు ఇచ్చి, కంప్యూటర్లు ఇప్పటికే గేట్‌వేగా వాడుతున్న చిరునామాను ఉమ్మడి వర్చువల్ చిరునామాగా చేయండి. అలా చేస్తే కంప్యూటర్లలో ఏదీ మార్చవలసిన పని లేదు. వర్చువల్ చిరునామాకు వర్చువల్ మ్యాక్ కూడా ఉంటుంది కాబట్టి, పని రెండవ కోర్‌కు మారినప్పుడు కంప్యూటర్లు కొత్తగా ఏమీ నేర్చుకోనవసరం లేదు. మాస్టర్ (ప్రస్తుతం గేట్‌వే పని చేస్తున్న కోర్) సెకనుకు ఒకసారి తన ఉనికిని ప్రకటిస్తుంది. ప్రయారిటీ 100 ఉన్న బ్యాకప్ దాదాపు 3.6 సెకన్లు ఏమీ వినకపోతే పని అందుకుంటుంది.

స్పానింగ్ ట్రీ రూట్, వీఆర్‌ఆర్‌పీ మాస్టర్ రెండూ ఒకే కోర్ మీద ఉండాలి. ఒకటి ఇక్కడ, మరొకటి అక్కడ ఉంటే ట్రాఫిక్ అంతా కోర్‌ల మధ్య లింకును అనవసరంగా దాటుతుంది. కాబట్టి మొదటి కోర్‌కు వీఆర్‌ఆర్‌పీ ప్రయారిటీ 120, రెండవ దానికి 100 ఇవ్వండి. స్పానింగ్ ట్రీలో తక్కువ సంఖ్య గెలుస్తుంది, వీఆర్‌ఆర్‌పీలో ఎక్కువ సంఖ్య గెలుస్తుంది. ఈ తేడాను మరవకండి. మొదటి కోర్ బతికే ఉండి దాని ఫైర్‌వాల్ లింకు మాత్రమే పోయే సందర్భం కూడా ఉంటుంది. ఆ లింకును ట్రాక్ చేసి, పోయినప్పుడు ప్రయారిటీ 30 తగ్గేలా పెడితే 120 కాస్తా 90 అయి, రెండవ కోర్ మాస్టర్ అవుతుంది. తగ్గింపు 20 గాని అంతకంటే తక్కువ గాని పెడితే ఏమీ మారదు.

మొదటి కోర్ తిరిగి లేచినప్పుడు ఏం జరుగుతుందన్నది కూడా అంతే ముఖ్యం. వీఆర్‌ఆర్‌పీలో ఎక్కువ ప్రయారిటీ ఉన్నది తిరిగి రాగానే మాస్టర్ పదవిని తీసుకుంటుంది; అప్పటికి దాని ఇతర లింకులు, ప్యాకెట్లు వెళ్లే దారుల వివరాలు సిద్ధంగా లేకపోతే ఆ కాసేపూ ట్రాఫిక్ పోతుంది. అందుకే తిరిగి తీసుకోవడానికి కొంత వ్యవధి పెట్టాలి. ఒక నిమిషమో రెండు నిమిషాలో ఇవ్వడం మేలు. ఫైర్‌వాల్‌లో లోపలి నెట్‌వర్క్‌లకు రాసిన దారులు మొదటి కోర్ సొంత చిరునామాకు కాక వర్చువల్ చిరునామాకు ఉన్నాయా, డీహెచ్‌సీపీ రిలే (కంప్యూటర్ల చిరునామా అభ్యర్థనలను సర్వర్‌కు చేర్చేది) రెండు కోర్‌ల మీదా ఉందా అన్నవి తప్పక చూడండి. వెళ్లే దారి మారి, వచ్చే దారి మారకపోతే, బయటి నుంచి చూసేవారికి ఫెయిలోవర్ జరగనట్లే కనిపిస్తుంది.

మీడియా కన్వర్టర్ల విషయంలో, అవి లింక్ లాస్ ఫార్వర్డింగ్ చేయగలవైతే దానిని ఆన్ చేయండి. అప్పుడు ఒకవైపు తెగితే రెండవ వైపు కూడా లింకు పడిపోతుంది. వీలైతే కన్వర్టర్లను తీసి, స్విచ్‌లోనే ఎస్‌ఎఫ్‌పీ మాడ్యూల్ (ఫైబర్ నేరుగా తగిలించే చిన్న భాగం) పెట్టడం అన్నిటికంటే మంచిది. అంతవరకు ఆర్‌ఎస్‌టీపీ మూడు హలోలు (క్రమంగా వచ్చే బీపీడీయూలు) అందకపోవడాన్ని చూసి, అంటే 6 సెకన్ల తరువాత, లింకు పోయిందని గ్రహిస్తుంది. ఇక్కడ మరింత ప్రమాదకరమైనది ఒకే దారం తెగడం. ఫైబర్ జతలో ఒకటి మాత్రమే పోతే, మూసి ఉన్న పోర్టుకు బీపీడీయూలు అందడం ఆగిపోతుంది. అడ్డు తొలగిందని భావించి అది తెరుచుకుంటే లూప్ ఏర్పడుతుంది. ఆ బ్లాకు వైపు రూట్, ఆల్టర్నేట్ పోర్టుల మీద లూప్ గార్డ్ (బీపీడీయూలు ఆగితే పోర్టును తెరవనివ్వనిది) పెట్టండి. ఒకవైపే పనిచేసే లింకును కనిపెట్టే యూడీఎల్‌డీ కూడా ఇందుకు ఉపకరిస్తుంది, కాని రెండు చివరలా దానిని అర్థం చేసుకునే స్విచ్‌లు ఉండాలి.

నాల్గవ సమాధానం

కొత్త బ్లాకులోని గొలుసును అలాగే వదలకండి. మామూలు టైమర్లతో స్పానింగ్ ట్రీ వ్యాసం (ఒక చివర నుంచి మరో చివరకు దారిలో వచ్చే స్విచ్‌ల సంఖ్య) ఏడు స్విచ్‌లకు మించకూడదన్నది ప్రమాణం సూచించిన పరిమితి. 2002 నవంబరులో బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ వైద్య కేంద్రంలో నెట్‌వర్క్ సుమారు నాలుగు రోజులు సరిగా పనిచేయక, సిబ్బంది కాగితాల మీదికి మళ్లవలసి వచ్చింది. అవసరానికి తగ్గట్టు కలుపుకుంటూ పోయిన నెట్‌వర్క్ స్పానింగ్ ట్రీ పరిమితులను దాటిపోవడం అందులో ముఖ్య కారణం. అక్కడి సమాచార విభాగాధిపతి జాన్ హాలమ్కా ఆ అనుభవాన్ని దాచకుండా ఇతర ఆసుపత్రులతో బహిరంగంగా పంచుకున్నారు. మీ బ్లాకులో ఒక స్విచ్‌ను మధ్యస్థంగా ఎంచుకుని, మిగిలినవాటిని నేరుగా దానికే కలపండి. ఆ మధ్య స్విచ్ నుంచి రెండు కోర్‌లకూ లింకు వేయండి.

పరీక్ష గురించి కూడా చెప్పాలి. ఫైబర్ తీయడం ఒక్కటే పరీక్ష కాదు. కోర్‌కు కరెంటు తీయాలి, ఫైబర్ జతలో ఒక్క దారాన్నే తీయాలి, ఫైర్‌వాల్ లింకును తీయాలి, ఒక్కొక్కటీ తిరిగి పెట్టినప్పుడు ఏం జరిగిందో కూడా చూడాలి. పింగ్‌ను వార్డు కంప్యూటర్ నుంచి, ఫార్మసీ నుంచి, సర్వర్ నుంచి విడివిడిగా నడపాలి. పరీక్షకు ముందు క్యాజువాలిటీకి, ల్యాబ్‌కు చెప్పి, ఆ సమయానికి రిజిస్టర్లు సిద్ధంగా ఉంచమనండి.

ఇప్పటివరకు ఎవరూ చెప్పని విషయం ఒకటి మిగిలింది. ఫెయిలోవర్ ఇప్పుడు ఒకటి రెండు పింగ్‌లలో ముగిసిపోతోంది కాబట్టి, మొదటి లింకు పోయినప్పుడు ఎవరికీ తెలియదు. వారాల తరబడి మీరు ఒకే లింకు మీద నడుస్తూ ఉంటారు, రెండవది పోయినప్పుడే ఫోన్లు మోగుతాయి. ప్రతి అప్‌లింకు పడినప్పుడూ, రూట్ మారినప్పుడూ, వీఆర్‌ఆర్‌పీ మాస్టర్ మారినప్పుడూ సిస్‌లాగ్ (స్విచ్‌లు పంపే ఘటనల నమోదు) నుంచి మీ ఫోనుకు హెచ్చరిక వచ్చేలా పెట్టండి. ఆ హెచ్చరికలు ఒక్కరికే కాక, మీరు సెలవులో ఉన్నప్పుడు బాధ్యత చూసేవారికి కూడా వెళ్లాలి.